చందనపు చలువ – ఆటిజము గలవారికి మనశ్శాంతి మార్గములు

సింహగిరిపై వెలసిన శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామి సంవత్సరమంతయు చందనపు పూతలోనే భక్తులకు దర్శనమిచ్చును. వైశాఖ శుద్ధ తదియనాడు, అనగా అక్షయతృతీయనాడు మాత్రమే ఆ చందనమును ఒలిచి స్వామివారి నిజరూపమును భక్తులకు చూపుదురు. పిమ్మట మరల చందనమును సమర్పింతురు. ఉగ్రమూర్తి తాపమును చల్లార్చుటకే ఈ సంప్రదాయము ఏర్పడినదని పెద్దలు చెప్పుదురు.

శ్రీమద్భాగవతములోని ప్రహ్లాద చరిత్రము కూడ ఈ విషయమునే బోధించుచున్నది. హిరణ్యకశిపుని వధించిన పిమ్మట కూడ నృసింహుని ఆగ్రహము ఉపశమింపలేదు. బ్రహ్మాది దేవతలు దూరముననే నిలిచి స్తుతించిరి. శ్రీమహాలక్ష్మి సైతము సమీపింప వెనుదీసెను. తుదకు బాలుడైన ప్రహ్లాదుడు మెల్లగా దరిజేరి పాదములపై వ్రాలగా, స్వామి ఆ పసివాని శిరస్సుపై తన చేతిని ఉంచి శాంతించెను. రగులుచున్న హృదయమును వాదము చల్లార్చదు, గద్దింపు చల్లార్చదు. భయపెట్టని సాన్నిధ్యము చల్లార్చును.

అనకాపల్లి పరిసరములలోని గృహస్థులకు సింహాద్రి అప్పన్న ఇలవేల్పు. ఆ స్వామి సన్నిధి నేర్పు ఈ పాఠము నేడు మన ఇండ్లలో కొందరి విషయమున మిక్కిలి అవసరము. వారు ఆటిజము గల బిడ్డలు, ఆటిజము గల పెద్దలు. వారి మనస్సును పీడించు ఆందోళనను, చెడు తలపులను శమింపజేయు మార్గములను భక్తకుటుంబములు తెలిసికొనుట భగవత్సేవలో భాగమే యగును.

ఆటిజమనగా నేమి?

ఆటిజమును తెలుగున స్వలీనత అనియు అందురు. ఇది అంటువ్యాధి కాదు. గాలి, ధూళి సోకుట కాదు. పుట్టుకతోనే మెదడు ఎదుగుదలలో ఏర్పడు ఒక విలక్షణమైన తీరు. 1943వ సంవత్సరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది బిడ్డలను పరిశీలించి ఈ స్థితిని వివరముగా వర్ణించెను. ఏకాంతమునందు ఇష్టము, నిత్యజీవితములో ఏ చిన్న మార్పునైనను ఓర్వలేకపోవుట ఆ బిడ్డలలో ఆయన గమనించిన ముఖ్య లక్షణములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021లో ప్రపంచమున 127 మందిలో ఒకరు ఈ స్థితి గలవారు. మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఇదియు ఒకటి.

ఇందులో కొందరికి మాటలు రావు. కొందరు అనర్గళముగా మాటలాడుదురు గాని ఎదుటివారి ముఖభావమును, మాటల చాటునున్న అర్థమును గ్రహింపలేరు. కొందరు ఉన్నత విద్యలు నేర్చి ఉద్యోగములు చేయుచుందురు. కావున అందరును ఒక్క తీరున ఉందురని తలపరాదు.

ఇట్టి బిడ్డ పుట్టిన ఇంట తల్లిని నిందించుట పలుచోట్ల కలదు. ఆమె పూర్వజన్మ పాపమనియు, పెంపకములోని లోపమనియు బంధువులు అనుచుందురు. పాశ్చాత్య దేశములలో సైతము ఒకప్పుడు కొందరు వైద్యులు తల్లి ప్రేమరాహిత్యమే దీనికి కారణమని పలికిరి. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన గ్రంథమున ఆ వాదమును ఖండించెను. ఆయనయు ఆటిజము గల బిడ్డకు తండ్రియే. నేటి వైద్యశాస్త్రము ఆ నిందను పూర్తిగా త్రోసిపుచ్చినది. తల్లి దోషి కాదు, బిడ్డయు దోషి కాడు.

ఆందోళనకు మూలములు

ఆటిజము గల బాలబాలికలలో ఇంచుమించు నూటికి నలుబది మందికి ఏదో ఒక విధమైన ఆందోళన వ్యాధి కూడ కలదని 2011లో వెలువడిన ఒక సమగ్ర పరిశీలన తెల్పినది. ఇంతమందికి ఇది ఏల కలుగును? కారణములు ప్రధానముగా మూడు.

మొదటిది ఇంద్రియముల తీవ్రత. కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాంబిక అమ్మవారి జాతరలో డప్పుల మ్రోత మనకు ఉత్సాహము గొల్పును. అదే మ్రోత ఆటిజము గల కొందరికి చెవిలో మేకు దిగినట్లు బాధ గొల్పును. దీపాల మిరుమిట్లు, కొత్తబట్టల గరుకు, అగరుధూపపు ఘాటు, గుంపులోని రాపిడి, ఇవన్నియు ఒక్కసారి మీదపడినపుడు వారు తట్టుకొనలేరు.

రెండవది అనిశ్చితి. తరువాత ఏమి జరుగునో తెలియకుండుట అందరికిని కొంత భయమే. వీరికి అది పలురెట్లు అధికము. బడికని బయలుదేరి, దారిలో బంధువుల ఇంటికి మళ్లిన మాత్రముననే బిడ్డ కుప్పకూలి ఏడ్చుట ఇందువలననే.

మూడవది తమ భావములను తామే గుర్తింపలేకపోవుట. గుండె దడదడలాడుచుండును, కడుపులో తిప్పుచుండును. అది భయమని వారికి తెలియదు. తెలిసినను చెప్పుటకు మాట దొరకదు. పైకి మొండితనముగా కన్పించునది పలుమారులు లోపలి భయమే.

శ్రీమద్భాగవత పంచమస్కంధములోని జడభరతుని లోకులు మందబుద్ధి యని తలచిరి. రహూగణ మహారాజు ఆయనచే పల్లకి మోయించి, నడక సరిగా లేదని పరిహసించెను. ఆయన నోరు విప్పినపుడు గాని ఆ రాజునకు ఆయన మహిమ తెలియలేదు. జడభరతునకు ఈ స్థితి కలదని చెప్పుట దీని భావము కాదు. పలుకును బట్టి, నడవడిని బట్టి లోపలి మనిషిని తూచరాదన్నదే దాని భావము.

నిత్యక్రమమే ప్రథమౌషధము

వైష్ణవాలయములలో సుప్రభాతము మొదలు ఏకాంతసేవ వరకు ప్రతి సేవకును ఒక వేళ, ఒక వరుస కలవు. అర్చకులు మారినను ఆ క్రమము మారదు. ఈ క్రమబద్ధతయే ఆటిజము గలవారికి గొప్ప ఊరట.

ఇంట గోడపై ఒక పట్టికను కట్టవలెను. నిద్రలేచుట, స్నానము, తిరునామము ధరించుట, ఫలహారము, బడి, ఆట, సంధ్యాదీపము, భోజనము, నిద్ర అను వరుసలో బొమ్మలు వేయవలెను. చదువు వచ్చినవారికి మాటలు చాలును. ఒక పని ముగియగానే ఆ బొమ్మను త్రిప్పివేయుటయో, తీసివేయుటయో చేయవలెను. ఏది అయినదో, ఏది రానున్నదో కంటికి కన్పించినపుడు మనస్సు కుదుటపడును. చెవితో విన్న మాట గాలిలో కలిసిపోవును. కంటి ఎదుట ఉన్న బొమ్మ నిలిచియుండును.

మార్పు తప్పనపుడు ముందుగానే తెల్పవలెను. "రేపు బడి లేదు. ఉదయము బస్సులో మామయ్య ఇంటికి పోయెదము. సాయంకాలము దీపాల వేళకు ఇంటికి వచ్చెదము" అని సూటిగా, తక్కువ మాటలలో చెప్పవలెను. "చూతములే" అను జవాబు వారికి మిక్కిలి బాధాకరము. చెప్పిన మాట తప్పరాదు. తప్పవలసి వచ్చినచో కారణమును తెలుపవలెను.

ఇంద్రియములకు విశ్రాంతి

ఇంటిలో ఒక మూలను శాంతిస్థానముగా ఏర్పరుపవలెను. అచ్చట వెలుతురు మెత్తగా ఉండవలెను, టెలివిజన్ మ్రోత వినిపింపరాదు. మెత్తని దిండు, ఇష్టమైన వస్తువు ఒకటి ఉండిన చాలును. అది శిక్షాస్థలము కాదు. మనస్సు కలత చెందినపుడు వారంతట వారే పోయి కూర్చుండు తావు. పెద్దవారికి కూడ ఇట్టి తావు అవసరము.

కొందరికి తేలికగా తాకుట చికాకు కలిగించును గాని గట్టి ఒత్తిడి హాయి నిచ్చును. 1947లో అమెరికాలో జన్మించిన టెంపుల్ గ్రాండిన్ స్వయముగా ఆటిజము గలవారు. పశుశాస్త్రమున ఆచార్యపదవిని అలంకరించిరి. పశువులకు టీకాలు వేయునపుడు వానిని ఇరుప్రక్కల పలకల నడుమ ఒత్తి నిలుపు సాధనమును ఆమె పిన్నవయసున చూచిరి. ఆ ఒత్తిడికి పశువులు నెమ్మదించుట గమనించి, తన 18వ యేట తనకై అట్టి సాధనమునే నిర్మించుకొని ఊరట పొందిరి. మన ఇండ్లలో బరువైన బొంత కప్పుకొనుట, దిండును గట్టిగా హత్తుకొనుట, అరచేతులను ఒండొంటితో అదుముకొనుట ఇట్టి ఫలమునే ఈయగలవు. బొంత ముఖముపై పడరాదు. కప్పుకొన్నవారే దానిని తీసివేయగలిగి ఉండవలెను. ఎవరినైనను వారి సమ్మతి లేనిదే పట్టుకొనరాదు.

కొందరు ముందునకు, వెనుకకు ఊగుచుందురు, చేతులు ఆడించుచుందురు, ఒకే మాటను మరల మరల పలుకుచుందురు. నలుగురిలో నవ్వులపాటని పెద్దలు దానిని మాన్పింప జూతురు. ఆ కదలికయే వారికి ఊతకఱ్ఱ. ఊతకఱ్ఱను లాగివేసినచో మనిషి పడిపోవును. తనకుగాని పరులకుగాని గాయము కానంతవరకు దానిని అడ్డగింపరాదు. తలను గోడకు మోదుకొనుట వంటిది ఉన్నచో వైద్యుని సంప్రదింపవలెను. పంటినొప్పి, చెవిపోటు వంటి శరీరబాధ దాని వెనుక ఉండవచ్చును.

శ్వాస, నామము

ఆందోళన సమయమున శ్వాస వేగమగును. నాలుగు అంకెలు లెక్కించుచు గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కించుచు మెల్లగా విడుచుట అందరును నేర్వదగిన సులభోపాయము. విడుచు శ్వాస దీర్ఘమగు కొలది దేహము నెమ్మదించును. శ్వాసను బిగబట్టు ప్రాణాయామమును మాత్రము గురుముఖముగా గాక చేయింపరాదు. కొందరికి శ్వాసపై దృష్టి నిలుపుటయే భయమును పెంచును. అట్టివారు పాదములు నేలకు ఆనిన స్పర్శను గమనించుట, చల్లని నీటితో చేతులు కడుగుకొనుట, ప్రదక్షిణముగా నడచుట వంటివి చేయవచ్చును.

తులసిమాలను చేతబట్టి ఒక్కొక్క పూసను జరుపుచు భగవన్నామమును పలుకుట పలువురికి సహజముగా హితవగును. ఒకే మాటను మరల మరల పలుకుట వీరి స్వభావమునకు పరాయిది కాదు. మన సంప్రదాయమునకును పరాయిది కాదు. లోకము లోపమని పేర్కొను లక్షణమే ఇచ్చట సాధనమగును. నామము బిగ్గరగానే పలుకవలెనని గాని, పద్మాసనముననే కూర్చుండవలెనని గాని నిర్బంధింపరాదు. ఊగుచు పలికిన నామము కూడ నామమే. మాటలు రాని బిడ్డ పూసలను జరిపినను చాలును.

చెడు తలపులను ఎదుర్కొనుట

ఆటిజము గల యువకులలోను పెద్దలలోను ఒక బాధ విశేషముగా కన్పించును. జరిగిపోయిన ఒక చిన్న సంఘటన మనస్సున గానుగవలె తిరుగుచుండును. "నేను పనికిరానివాడను", "అందరును నన్ను చూచి నవ్వుచున్నారు" అను తలపులు విడువవు. నలుగురివలె కన్పించుటకు దినమంతయు తమ సహజమైన తీరును దాచుకొని, ఇంటికి చేరగానే నిస్త్రాణతో కూలబడువారు కూడ కలరు.

మనస్సు చంచలమైనదనియు, వాయువును పట్టుటవలె దానిని నిగ్రహించుట కష్టమనియు అర్జునుడు మొరపెట్టుకొనెను. భగవానుడు ఆ మాటను కాదనలేదు. అభ్యాసముచేతను వైరాగ్యముచేతను అది సాధ్యమని చెప్పెను. మనస్సు ఎచ్చటికి పోయినను అచ్చటినుండి మరల మరల మరల్చుకొని రమ్మని బోధించెను. పోయినందులకు తిట్టుమని చెప్పలేదు. మరల్చుటయే అభ్యాసము.

దీనిని ఆచరణలో పెట్టు విధము ఇది. ఒక కాగితముపై గీత గీసి ఎడమవైపు ఆ తలపును ఉన్నదున్నట్లు వ్రాయవలెను. కుడివైపు దానికి గల నిజమైన ఆధారములను, ప్రతికూలమైన ఆధారములను వ్రాయవలెను. "అందరును నన్ను ద్వేషింతురు" అని ఎడమవైపు ఉన్నచో, "నిన్న ఒక స్నేహితుడు తన పుస్తకము నిచ్చెను" అని కుడివైపు రావచ్చును. మాటలకంటె వ్రాత, బొమ్మ, అంకె వీరికి సులభము. కావున భయమును ఒకటి మొదలు అయిదు వరకు అంకెలతో కొలుచుట నేర్పవలెను. "ఎట్లున్నది?" అని అడిగిన జవాబు రాకపోవచ్చును. "ఎన్నవ అంకె?" అని అడిగిన తోడనే జవాబు రావచ్చును. మూడవ అంకెవద్దనే శాంతిస్థానమునకు పోవుట అలవడినచో అయిదవ అంకె వరకు రాకుండును.

ఆలోచనలను, ప్రవర్తనను సరిదిద్దు ఈ చికిత్సాపద్ధతిని ఆటిజము గల పెద్దలకు తగినట్లు మార్చి వాడవలెనని 2012లో బ్రిటన్ దేశపు జాతీయ ఆరోగ్య మార్గదర్శకములు సూచించినవి. మాటలను తగ్గించి వ్రాతను పెంచుట, ఉపమానములకు బదులు సూటిమాటలు వాడుట, నడుమ విరామములిచ్చుట, వారి అభిమాన విషయమును చికిత్సలో చేర్చుట ఆ మార్పులలోనివి.

అభిమాన విషయమును చిన్నచూపు చూడరాదు. ఒకనికి అనకాపల్లి స్టేషనుమీదుగా పోవు రైళ్ల వేళలన్నియు కంఠస్థము కావచ్చును. మరియొకనికి దివ్యదేశముల పేర్లు నూట ఎనిమిదియు వరుసగా నోట నుండవచ్చును. చెడుతలపు తిరుగుచున్నపుడు ఆ విషయమును గూర్చి ఒక ప్రశ్న అడిగినచో మనస్సు దారి మళ్లును.

కలత ఉప్పొంగినపుడు

ఎంత జాగ్రత్త వహించినను ఒక్కొక్కమారు కలత కట్టలు త్రెంచుకొనును. అది పంతము కాదు. కోరినది ఇచ్చిన మాత్రమున ఆగదు. కొట్టిన మరింత పెరుగును. ఆ సమయమున చుట్టునున్నవారు మాటలు తగ్గింపవలెను. దీపములను, మ్రోతను తగ్గింపవలెను. మూగిన జనమును దూరముగా పంపవలెను. ఒక్కరు మాత్రము కొలది దూరమున నేలపై కూర్చుండి, "నేనున్నాను" అని ఒక్కమాట చెప్పి ఊరకుండవలెను. కన్నులలోనికి చూడుమని బలవంతపెట్టరాదు. శాంతించిన పిమ్మట మంచినీళ్లిచ్చి విశ్రమింపనీయవలెను. హితవు చెప్పుటకు అది వేళ కాదు, మరునాడు చెప్పవచ్చును. ప్రహ్లాదుడు నృసింహుని సమీపించిన తీరును స్మరించువారికి ఇది కఠినము కాదు.

యాత్రకు పోవునపుడు

చందనోత్సవమునాడును, ఆషాఢ పౌర్ణమికి జరుగు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణమునాడును సింహాచలమున జనసమ్మర్దము అపారము. ఆటిజము గలవారిని ఆ దినములలో తీసికొని పోవుటకంటె సామాన్య దినములలో ఉదయమే పోవుట మేలు. అనకాపల్లి జిల్లాలోనే నక్కపల్లి మండలమున ఉపమాక శ్రీ వేంకటేశ్వరస్వామి గరుడాద్రిపై వెలసియున్నాడు. శనివారము, ఉత్సవదినములు కాక వేరొక దినమున మెట్లను లెక్కించుచు ఎక్కుట ఇట్టి బిడ్డలకు ఆనందమునే కలిగింపవచ్చును.

ప్రయాణమునకు వారము ముందే గుడి చిత్రములను చూపి, బస్సు, చెప్పులు విడుచుట, వరుస, గంట, తీర్థము, శఠారి, ప్రసాదము అని క్రమమును కథగా చెప్పవలెను. శఠారి శిరస్సుపై తాకునని ముందు తెలియనిచో కొందరు బెదరుదురు. చెవులకు మ్రోతను తగ్గించు సాధనము, నీరు, అలవాటైన తినుబండారము వెంట ఉంచవలెను. దివ్యాంగులకు ప్రత్యేక సదుపాయము కలదేమో దేవస్థానము వారిని ముందే విచారింపవలెను. వరుసలో బిడ్డ కేకలు వేసినచో తోటి భక్తులు పెంపకమును విమర్శింపక దారి ఇచ్చుట వైష్ణవ లక్షణము.

దర్శనము కాకయే తిరిగి రావలసి వచ్చినను చింతింప బనిలేదు. ప్రపత్తికి దేశనియమము, కాలనియమము, ప్రకారనియమము, అధికారినియమము లేవని పిళ్లైలోకాచార్యులు శ్రీవచనభూషణమున నిర్ణయించిరి. అర్చామూర్తియైన భగవంతుడు భక్తుల సౌకర్యమునకు తానే లోబడి, వారు స్నానము చేయించినపుడు చేయించుకొని, ఆరగింపు చేసినపుడు ఆరగించుచున్నాడు. అంతటి సౌలభ్యము గల స్వామి, గోపురమువద్దనుండియే చెవులు మూసికొని మ్రొక్కిన బిడ్డ మ్రొక్కును గ్రహింపకుండునా?

వైద్యము, భక్తి

మ్రొక్కు మ్రొక్కుట తగును. మ్రొక్కు పేర మందు మాన్పుట తగదు. భూతవైద్యులవద్ద వాతలు పెట్టించుట, గొలుసులతో కట్టుట, పస్తులుంచుట బిడ్డను హింసించుటయే యగును. మాట ఆలస్యమైనపుడు, పిలిచిన పలుకనపుడు ఎంత త్వరగా నిపుణులకు చూపిన అంత మేలు. సికిందరాబాదున 1984లో స్థాపింపబడి, నేడు జాతీయ మేధో దివ్యాంగుల సాధికారతా సంస్థగా పేరొందిన సంస్థ ఇట్టివారి సేవలో ఉన్నది. 1999 నాటి చట్టముచే ఏర్పడిన నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకము క్రింద సంవత్సరమునకు లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా లభించును. విశాఖపట్టణమున ప్రభుత్వ మానసిక చికిత్సాలయము కలదు.

ఆటిజము గలవారు "బ్రతుకు వద్దు" అని పలికినచో దానిని మాటవరుసగా త్రోసివేయరాదు. వారిని ఒంటరిగా విడువక, 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేయవలెను. పగలు, రాత్రి ఉచితముగా సలహా లభించును. బిడ్డను చూచుకొను తల్లికి కూడ నిద్ర, విశ్రాంతి, ఓదార్పు కావలెను. అత్తగారో, ఆడపడుచో దినమునకు ఒక గంట ఆ భారమును అందుకొనుట ఆ ఇంటికి చేయు మహోపకారము.

చందనపు చెక్క ఒక్క రాపిడికి గంధము నీయదు. సానపై నీటిచుక్కలు వేయుచు ఓపికతో అరగదీసిన గాని చలువ దిగదు. ఆటిజము గలవారికి మనశ్శాంతి కూడ ఒక్కనాటిది కాదు. నిత్యక్రమము, ఇంద్రియవిశ్రాంతి, నామము, వైద్యము, అన్నింటికి మించి ఇంటివారి సహనము కలిసి అరగినపుడు ఆ చలువ లభించును. ప్రహ్లాదవరదుడైన సింహాద్రినాథుడు అట్టి బిడ్డలకు అభయమును, వారి తల్లిదండ్రులకు ఓర్పును, చుట్టునున్న సమాజమునకు వివేకమును ప్రసాదించుగాక!